కానూరు, తాడిగడప, పోరంకి: మాట పడిపోయాక నా అనుభవం

2023 నవంబరు, కార్తీక మాసం. తెల్లవారుజామున మూడున్నరకు లేచాను. ఐదింటి ఫస్ట్ సర్వీసు నాది, విజయవాడ నుంచి బందరు. స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, యూనిఫాం చొక్కా వేసుకుంటుంటే మూడో బొత్తాం దగ్గర కుడిచెయ్యి ఆగిపోయింది. బొత్తాం వేళ్ల మధ్యే ఉంది, ఆ సంగతి వేళ్లకు తెలియడం లేదు. మా ఆవిడ తులసికోట దగ్గర దీపం పెట్టి లోపలికొస్తూ "కాఫీ కలపనా అండీ?" అంది. "కలుపు" అందామనుకున్నాను. "తపు" అని వచ్చింది. మళ్లీ అన్నాను. ఈసారి "పకు". ఆ తర్వాత ఉత్త గాలి. గోడ గడియారంలో నాలుగూ పది.

నేను అప్పటికి ఇరవై ఏడేళ్లుగా ఆర్టీసీ కండక్టర్ని. చిన్నప్పుడు నాకు వస ఎక్కువ పోశారని మా అమ్మ అనేది, అంత వాగుడు. ఆ రోజు నుంచి పదకొండు వారాలపాటు నా అంతట నేను అనుకుని ఒక్క మాట పలకలేకపోయాను. ఇలాంటిది వచ్చినవాళ్లకి, ముఖ్యంగా వాళ్ల ఇంట్లోవాళ్లకి పనికొస్తుందని, పదిహేను రోజులుగా ఎడమచేత్తో ఫోన్‌లో కొట్టుకుంటూ ఇది రాస్తున్నాను.

బి.పి. ఉందని అంతకు నాలుగేళ్ల ముందే తెలుసు. మాత్రలు వేసుకుంటే బాగానే ఉంటోంది కదా అని ఆ వేసవిలో మానేశాను. ఆ తప్పు పూర్తిగా నాదే.

మా అబ్బాయి ముందు దగ్గర్లోని ఒక నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్లాడు. అక్కడ స్కాన్ లేదు. సెలైన్ పెట్టి, "బి.పి. పెరిగింది, తెల్లారాక పెద్ద డాక్టరుగారు వస్తారు" అన్నారు. ముప్పావుగంట అక్కడే పోయింది. మా కోడలు ఊరుకోలేదు. "మామయ్యగారికి మూతి వంకరపోయింది, చెయ్యి లేవట్లేదు, మాట రావట్లేదు. ఇది పక్షవాతమే. స్కాన్ ఉన్నచోటికి పోదాం పదండి" అని పట్టుబట్టింది. ఇవాళ నేను నడుస్తున్నానంటే ఆ పిల్ల పట్టుదల వల్లే.

పెద్దాసుపత్రిలో అడిగిన మొదటి ప్రశ్న: "ఈయన ఆఖరుసారి మామూలుగా ఉన్నది ఎన్నింటికి?" నేను ఎడమచేత్తో నాలుగు వేళ్లు చూపించాను. మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళంలో గడ్డ అడ్డుపడితే దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఉంది, కానీ మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపలే ఇవ్వాలి. అందుకే ఆ టైము అంత గుచ్చిగుచ్చి అడుగుతారు. రక్తనాళం చిట్లి రక్తస్రావమైనా బయటికి కనిపించేది ఇలాగే ఉంటుందట. అలాంటివాళ్లకి ఈ ఇంజెక్షన్ ఇస్తే ప్రాణం మీదికొస్తుంది. అందుకని ముందు సి.టి. స్కాన్ తీసి రక్తస్రావం లేదని చూసుకున్నారు. ఆరూ యాభైకి ఇంజెక్షన్ పడింది. సాయంత్రానికి కాలు కదిలింది, మూతి వంకర చాలావరకు సర్దుకుంది. చెయ్యి సగం వచ్చింది. మాట రాలేదు.

రెండో రోజు నర్సు చెంచాతో కొంచెం కొంచెం నీళ్లు తాగించి చూసింది. రెండో గుక్కకే పొలమారింది. మాట్లాడే కండరాలూ మింగే కండరాలూ చాలావరకు అవే కదా. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుందని పది రోజులు చిక్కటి జావ, మెత్తగా పిసికిన అన్నం పెట్టారు, అదీ నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కిందికి వంచి మింగమని. మనవాళ్లు ప్రేమకొద్దీ పడుకోబెట్టి గ్లాసుతో నీళ్లు పోస్తుంటారు. దయచేసి ఆ పని చెయ్యకండి.

మూడో రోజు చుట్టాలంతా వచ్చారు. మా అన్నయ్య నా చెవి దగ్గర నోరు పెట్టి, "తమ్ముడూ, నేనురా, అన్నయ్యని" అని అరిచాడు. నాకు చెవులు శుభ్రంగా వినపడుతున్నాయి. ఎవరో గుమ్మం దగ్గర "మనుషుల్ని గుర్తుపడుతున్నాడా?" అంటున్నారు. అదీ వినపడింది. నోరు తెరిస్తే "కా... తా... పా" అని ఏవో ముక్కలు, ఒకసారి వచ్చింది మరోసారి రాకుండా. మా ఆవిడ నా నోటికేసి చూడలేక కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది.

అప్పుడు రౌండ్స్‌కి వచ్చిన న్యూరాలజిస్టు ప్రిస్క్రిప్షన్ ప్యాడ్ తిరగేసి, పెన్ను నా ఎడమచేతిలో పెట్టి, "మీకేం కావాలో రాయండి" అన్నారు. ఎడమచేత్తో నేనెప్పుడూ సంతకం కూడా పెట్టలేదు. కోడికాళ్ల రాతలాగా, కాగితం సగం నిండేలా, "మంచినీళ్లు" అని రాశాను. డాక్టరుగారు ఆ కాగితం మా ఆవిడకి చూపిస్తూ 'ళ్లు' మీద వేలు పెట్టారు. "చూడమ్మా, వత్తుతో సహా రాశారు. మాటలన్నీ లోపల భద్రంగా ఉన్నాయి. పలికే దారి దెబ్బతింది." మా ఆవిడ అప్పటిదాకా ఏడవలేదు. ఆ కాగితం చూసి ఏడ్చింది. ఇప్పటికీ అది దేవుడి పటం వెనకాల దాచింది.

'మాట పడిపోయింది' అని మనం ఒక్క ముక్కలో తేల్చేస్తాం గానీ, అది ఒకటి కాదు. డాక్టరుగారు చెప్పింది నాకు అర్థమైనట్టు చెబుతాను. మాట నోట్లోంచి రావడానికి మెదడులో మూడు పనులు జరగాలి. మొదటిది, ఏం చెప్పాలో దానికి తగిన మాటలు వెతికి వాక్యంగా కూర్చుకోవడం. అది చెడితే అఫేషియా. వాళ్లకి మాట గుర్తురాదు, కొందరికి ఎదుటివాళ్లు చెప్పింది అర్థం కాదు, రాయడమూ పోతుంది. రెండోది, ఆ మాటకి పెదవులు ఎప్పుడు కలవాలి, నాలుక ఎక్కడ ఆనాలి, గొంతు ఎప్పుడు మోగాలి అని వరస కట్టడం. అది చెడితే అప్రాక్సియా. మూడోది, ఆ ఆజ్ఞ నరాల మీదుగా కండరాలకు చేరి అవి సరిగ్గా కదలడం. అక్కడ చెడితే డిసార్థ్రియా. మాట ముద్దగానో, ముక్కుతోనో, నీరసంగానో, బిగుసుకునో వస్తుంది. చాలామందికి ఇవి కలగలిసి వస్తాయట. నాకు ఎం.ఆర్.ఐ.లో ఎడమవైపు ముందుభాగం కింది అంచూ, దాని లోపలి ఇన్సులా అనే మడతా దెబ్బతిన్నట్టు తేలింది. మొదటి వారాల్లో మూతి బలహీనత వల్ల కొంచెం డిసార్థ్రియా, మిగతాదంతా అప్రాక్సియా. మా భాషలో చెప్పాలంటే, డిపోలో బస్సులున్నాయి, డ్రైవర్లున్నారు, డ్యూటీ చార్టు చిరిగిపోయింది. ఏ బండి ఎప్పుడు ఏ రూటులో బయల్దేరాలో చెప్పే కాగితం లేదు.

ఈ తేడా తెలియక రెండు నెలలు పోగొట్టుకున్నాను. ఇంటికొచ్చాక ఒక చోట చేర్పించారు. రోజూ నాలుకకి ఐసు రుద్దడం, బుగ్గలకి కరెంటు పెట్టడం, బెలూన్లు ఊదించడం. నాలుకకి బలం రావాలన్నారు. నా నాలుకకి బలం ఉంది. ఇడ్లీ నమిలి మింగుతోంది, పళ్ల సందులో ఇరుక్కున్న కరివేపాకు తీస్తోంది. అక్కడివాళ్లు మంచివాళ్లే, ఓపిగ్గా చేశారు. కానీ నాకున్న జబ్బుకి అది వైద్యం కాదు. ఇంటిదగ్గర ఇంకో వైపు, తెలిసినవాళ్లు వసకొమ్ము తెచ్చి తేనెతో అరగదీసి నాలుకకి రాయమన్నారు. అభిమానంతో తెచ్చిందని కాదనలేకపోయాం.

మూడో నెలలో న్యూరాలజిస్టే ఒక స్పీచ్ థెరపిస్టు దగ్గరికి పంపారు. మైసూరులోని ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్‌లో చదువుకున్న అమ్మాయి, మా అబ్బాయి కంటే చిన్నది. రీహాబిలిటేషన్ కౌన్సిల్ (ఇలాంటి థెరపిస్టులకి గుర్తింపు ఇచ్చే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు బోర్డు మీదే రాసి ఉంది. మీరు ఎక్కడికి వెళ్లినా ఆ నంబరు ఉందో లేదో అడగండి, మొహమాటపడకండి.

ఆ మొదటి గంట నాకు నిమిషం నిమిషం గుర్తుంది. "అంకుల్, నాలుక బయటపెట్టండి" అంది. ప్రయత్నించాను. దవడ కదిలింది, పెదవులు ముందుకొచ్చాయి, నాలుక ఎటు పోవాలో తెలియక లోపలే తడుముకుంది. పక్కన మా ఆవిడ తెచ్చిన డబ్బాలోంచి ఉప్మా రెండు చెంచాలు తినమంది. పెదవి చివర రవ్వ అంటుకుంది. నాలుక దానంతటదే బయటికొచ్చి ఆ రవ్వని నాక్కుపోయింది. ఆ అమ్మాయి మా ఆవిడతో "చూశారా ఆంటీ, నాలుకకి ఏమీ కాలేదు. కావాలని కదపమంటేనే రాదు" అంది. రెండు నెలల ఐసూ కరెంటూ ఎందుకు పనిచెయ్యలేదో ఆ ఉప్మా రవ్వ చెప్పేసింది.

తర్వాత "ప ప ప" అనమంది. నెమ్మదిగా అన్నాను. "త త త", "క క క" విడివిడిగా ఎలాగో వచ్చాయి. "పతక పతక" అనమంటే మొత్తం కూలిపోయింది. "పతప... కప..." ప్రతిసారీ తప్పు వేరే చోట. ఈ వ్యాధికి అదే గుర్తట. డిసార్థ్రియావాళ్ల తప్పు ఎక్కువగా ఒకేలా ఉంటుంది, ఒక అక్షరం ముద్దగా వస్తే ఎప్పుడూ ముద్దగానే వస్తుంది. అప్రాక్సియాలో ఒకే మాట మూడుసార్లంటే మూడు రకాలుగా తప్పుతుంది. మాట పొడుగయ్యేకొద్దీ కష్టం. మన తెలుగుతో వచ్చిన చిక్కే అది. 'ఇల్లు' అని ఊరుకోం. ఇంట్లో, ఇంట్లోవాళ్లు, ఇంట్లోవాళ్లందరికీ, అలా ఒక్క మాటే సాగుతూ పోతుంది. 'నోరు తిరగడం' అంటాం కదా, ఆ మాట పెట్టినవాళ్లెవరో గానీ సరిగ్గా పెట్టారు.

చివరికి ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టమంది. నాకు భయమేసింది. మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు... పది దాకా వచ్చేశాయి! మా ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఏడు తర్వాత ఎంత?" అని అడిగితే మళ్లీ నోరు పడిపోయింది. అలవాటుగా గొలుసులా వచ్చే మాటలకి మెదడులో వేరే దారి ఉంటుందట. అంకెలు, వారాల పేర్లు, రోజూ చదువుకునే స్తోత్రం, కోపమొస్తే వచ్చే తిట్టు, ఇవి మిగులుతాయి. ఆలోచించి అనాల్సినవి పోతాయి. "అంకుల్‌గారు రోజూ గొలుసులాగా అనే మాటలు ఇంకేమైనా ఉన్నాయా?" అని మా ఆవిణ్ణి అడిగింది. మా ఆవిడ నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ, "బెంజి సర్కిల్ దాటింది, అనండి" అంది.

"కానూరు, తాడిగడప, పోరంకి, పెనమలూరు, గంగూరు, ఈడ్పుగల్లు, కంకిపాడు!"

నా గొంతే. అదే రాగం, ఇంజను మోత మీద వెనక సీటు దాకా వినపడేలా ఇరవై ఏడేళ్లు అరిచిన రాగం. పదకొండు వారాల తర్వాత నా గొంతు నేను విన్నాను.

ఆ అమ్మాయి ఆ రాగాన్నే పట్టుకుంది. పాటలాగా సాగదీసి, ఎడమచేత్తో తొడ మీద ఒక్కో అక్షరానికి ఒక్కో దెబ్బ వేస్తూ మాట అనిపించడం ఒక పద్ధతి. 1970లలో అమెరికాలోని బోస్టన్‌లో తయారు చేశారట. "మంచి-నీళ్లు" అన్నదాన్ని "పోరంకి" రాగంలో పెట్టింది. పద్ధతి చూడటానికి సులువు: నా మొహం చూడండి, వినండి, నాతో కలిసి అనండి, ఇప్పుడు మీరొక్కరే అనండి. వారానికి ఐదే మాటలు, నాకు రోజూ అవసరమైనవి. మంచినీళ్లు, వద్దు, బాత్రూమ్, చాలు, ఏమోయ్. ఐదోది నేనే రాసిచ్చాను, మా ఆవిణ్ణి నేను పిలిచేది అలాగే. ఒక్కో మాట పొద్దున యాభైసార్లు, సాయంత్రం యాభైసార్లు, అద్దం ముందు. ఇంటిల్లిపాదికీ విసుగొచ్చేది, ఎవరూ పైకి అనలేదు. 'మంచినీళ్లు' నిలబడటానికి పంతొమ్మిది రోజులు పట్టింది. 'ఏమోయ్' రెండు రోజుల్లో వచ్చింది.

ఆ వెయిటింగ్ రూములో కలిసిన ఇద్దరి గురించి చెప్పకపోతే ఇది సగమే అవుతుంది.

ఒక కుర్రాడు, ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. హెల్మెట్ లేకుండా బండి మీద వెళ్తూ పడ్డాడు. తలకి దెబ్బ తగిలితే నాకొచ్చిన పక్షవాతంలాగా (స్ట్రోక్) ఒకే చోట కాకుండా మెదడులో చాలా చోట్ల దెబ్బతినొచ్చు. ఇతనికి ఎక్కువగా చిన్నమెదడు దెబ్బతింది. మాటలు తెలుసు, కండరాలకి బలమూ ఉంది, వాటి తాళం తప్పింది. ఒక అక్షరం గట్టిగా, తర్వాతది మెల్లగా, మధ్యలో సాగిపోతూ, అచ్చం తాగినవాడి మాటలాగా వస్తుంది. ఒక రాత్రి చెకింగ్‌లో ఆపి "తాగావా?" అన్నారట. ఊదే మిషన్‌లో సున్నా వచ్చింది. అయినా నమ్మలేదట, మళ్లీ ఊదించారట. అప్పటినుంచి డాక్టరు సర్టిఫికెట్ జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. ఆ పిల్లాడు చుక్క ముట్టడు.

ఇంకొకరు డెబ్భై దాటిన పెద్దమ్మగారు. మూడేళ్ల కిందట ఒకవైపు స్ట్రోక్ వస్తే మాట నెల రోజుల్లో బాగైపోయిందట. రెండోది రెండోవైపు వచ్చింది. అప్పటినుంచి గొంతు పిసికినట్టు, బరువుగా, ఒక్కో మాట ఈడ్చుకుంటూ వస్తోంది. గొంతు, అంగిలి కండరాలకు మెదడు రెండు వైపుల నుంచీ ఆజ్ఞలు వెళ్తాయి. రెండు డిపోల బస్సులు తిరిగే ఊరు అనుకోండి, ఒక డిపో మూతపడినా రెండోది నెట్టుకొస్తుంది. రెండూ మూతపడితేనే ఊరు చిక్కుల్లో పడుతుంది. ఆవిడకి ఉన్నట్టుండి ఏడుపొచ్చేది, దుఃఖం లేకపోయినా. ఒక్కోసారి నవ్వు ఆగేది కాదు. కొడుకు "ఊరికే ఏడవకమ్మా" అని కసిరేవాడు. అది కూడా ఆ దెబ్బ లక్షణమేనని, దానికి మందులున్నాయని థెరపిస్టు చెప్పాక, ఆ అబ్బాయి తల్లి చెయ్యి పట్టుకుని చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాడు.

మా ముగ్గురి మాటా విని, స్కాన్ చూడకుండానే ఎక్కడ దెబ్బ తగిలిందో ఆ అమ్మాయి చాలావరకు చెప్పగలిగేది. అలా చెవితో పట్టుకునే విద్యకి పునాది వేసింది అమెరికాలోని మేయో క్లినిక్‌లో డార్లీ, ఆయనతో కలిసి పనిచేసినవాళ్లట. 212 మంది రోగుల మాటల టేపులు విని, ఏ జబ్బులో గొంతు ఎలా మారుతుందో 38 లక్షణాలుగా విడగొట్టి 1969లో రాశారట. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ వర్గీకరణే వాడుతున్నారు.

ఉద్యోగం సంగతి చాలామంది అడుగుతారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మాటకు, భాషకు సంబంధించిన వైకల్యం కూడా ఉంది. ప్రభుత్వ సంస్థలో సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ఆ కారణంతో ఉద్యోగం తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు. చెయ్యగలిగిన వేరే పోస్టులోకి మార్చాలి. కాగితాలు పెట్టుకున్నాను, తిరగాల్సినంత తిరిగాను. ఇప్పుడు డిపోలో రికార్డుల పని చేస్తున్నాను. పొద్దున్నే బండ్లు బయల్దేరేటప్పుడు "రైట్ రైట్" అని వినపడితే పెన్ను ఆగిపోతుంది.

నాకు అన్నిటికంటే కష్టం ఫోను. ఎదుటివాళ్లకి నా మొహం కనపడదు, మాట వెతుక్కునే ఆ రెండు మూడు సెకన్లలో "హలో హలో" అని పెట్టేస్తారు. బ్యాంకుకి వెళ్తే కౌంటర్లో ఉన్నాయన నన్ను వదిలేసి మా అబ్బాయిని అడుగుతాడు, "మీ నాన్నగారికి అర్థమవుతుందా?" అని. మావాడు ఇప్పుడు జవాబు చెప్పడం మానేశాడు. నాకేసి తిరిగి, చేతులు కట్టుకుని నిలబడతాడు. నేను తొడ మీద తాళం వేసుకుని "అవు-తుం-దం-డీ" అంటాను. ఇంట్లోనూ అదే నియమం: నా మాట మధ్యలో అందుకుని ఎవరూ పూర్తి చెయ్యకూడదు. దానికి అందరికంటే బాగా కట్టుబడింది మా నాలుగేళ్ల మనవరాలు. నేను ఆగితే తనూ ఆగుతుంది, నోట్లో వేలేసుకుని, నా పెదవులకేసే చూస్తూ.

ఇప్పటికి పదిహేను నెలలు. చిన్న వాక్యాలు వస్తున్నాయి, నెమ్మదిగా, ఒక్కో అక్షరం విడివిడిగా. అలిసిపోయినా, టెన్షన్ పడినా మళ్లీ తడబడతాను. థెరపీ వారానికి ఒక్కరోజు, ఇంట్లో రోజూ. కిందటి నెల ఆ అమ్మాయి పొడుగు మాటల పట్టీలో 'మచిలీపట్నం' రాసింది. నేను "బందరు" అన్నాను. కృష్ణా జిల్లాలో మచిలీపట్నం అని ఎవరంటారమ్మా, బోర్డు మీద తప్ప, అని కాగితం మీద రాసి చూపించాను. నిజమే కదా అని ఒప్పుకుంది. మరుసటి వారం మళ్లీ అదే మాట పట్టీలో పైన పెట్టింది. "బోర్డు చదవాలి కదా అంకుల్" అంది.

ఇరవై రోజులుగా అదే పని మీద ఉన్నాను. మ-చి-లీ దాకా వస్తోంది. ఈ వారం 'పట్నం'.